దయచేసి సేవ్ నొక్కవద్దు

ఉదయం ఏడున్నరకి, ఇస్త్రీ దుకాణం వెనక గదిలో, చీఫ్ పిచ్చుక చేతిలో ఒక గడియారం, ఒక గుర్తింపు కార్డు పెట్టాడు. మూడోది చేతిలో పెట్టేది కాదు. చెడ్డ వార్త.

"వార్త ముందు చెప్పండి సార్," అంది పిచ్చుక.

పిచ్చుక ఆమె కోడ్ పేరు. అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయనా తప్పే రాస్తాడు.

"సరిహద్దు అవతల మనవాళ్ళు ఏడుగురున్నారు. ఏడుగురి చిరునామాలూ ఒకే ఫైల్లో ఉన్నాయి. రికార్డుల ఆఫీసు సర్వర్లో నూట పన్నెండో నంబరు. అవతలి ముఠా మెసేజ్ ఒకటి నిన్న మన చేతికి చిక్కింది. 'గురువారం నాలుగున్నరకి పెట్టె ఖాళీ' అని ఉంది."

గురువారం అంటే ఇవాళే. పిచ్చుక చేతిలోని గడియారం వంక చూసింది. "ఏడుగురిలో..."

"అవును. నాలుగో పేరు మీ అక్క."

అక్క గొంతు విని నాలుగేళ్ళయింది. ఎక్కడో పరాయి ఊళ్ళో, పరాయి పేరుతో, బట్టలు కుట్టే దుకాణం నడుపుతోందని మాత్రం తెలుసు. మూడు నెలలకోసారి ఒక పత్రికలో చిన్న ప్రకటన వస్తుంది: 'కుట్టుమిషను అమ్మబడును.' అది పడిందంటే అక్క బతికి ఉన్నట్టు. పిచ్చుకకి అక్కచెల్లెళ్ళ ముచ్చట్లన్నీ ఆ ఒక్క ముక్కలోనే.

"సర్వర్ ఆపించేయండి సార్."

"మూడు శాఖల సంతకాలు కావాలట. అడిగాను. సోమవారం ఇస్తామన్నారు."

"పోనీ ఫైలు ఎన్‌క్రిప్ట్ చేసే ఉంది కదా?"

"ఉంది. బీరువాకి తాళం వేసినట్టే. కాకపోతే ఈ బీరువాకి ఎనిమిది మంది ఆఫీసర్లు, ఒక్కొక్కరికీ ఒక్కో తాళంచెవి. ఆ చెవి ఎవరి కంప్యూటర్లో వాళ్ళకి ఉంటుంది. ఎవరి సీట్లోంచి వాళ్ళు నెట్‌వర్క్ మీద ఫైలు తెరుచుకుంటారు. ఏ చెవులకి తెరుచుకోవాలో ఫైల్లోనే ఒక లిస్టు ఉంటుంది. లిస్టులో ఉంటే తెరుచుకుంటుంది, లేకపోతే యాక్సెస్ డినైడ్. ఆ చెవుల్లో ఒకటి దొంగ చేతిలో పడింది. ఎవరిదో నువ్వు కనిపెట్టాలి."

"లిస్టు చూపించండి."

"లిస్టు చూడాలంటే లిస్టులో ఉండాలి."

"మీరు లేరా?"

చీఫ్ కిటికీ వైపు చూశాడు. "ఫారం పెట్టి పద్నాలుగు నెలలైంది."

దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడంటారు. ఇక్కడ దేవుడే క్యూలో నిలబడి ఉన్నాడు.

గడియారం సంగతి చెప్పాడు. ఆ ఫైలున్న ఫోల్డర్లో మూడొందల నలభై ఫైళ్ళున్నాయి. ఏ ఫైలు ఎవరు తెరిచినా గడియారం వణుకుతుంది, నంబరూ తెరిచిన మనిషి పేరూ కనిపిస్తాయి. ఒక్కసారిగా అన్నీ కాపీ చేస్తే సర్వర్ గోలపెడుతుంది. ఏ నంబర్లో ఏముందో ముఠాకి తెలియదు కాబట్టి ఒక్కొక్కటే తెరిచి వెతకాలి.

"లోపల మన మనిషి ఒకామె ఉంది. ఆడిటర్‌గా వెళ్ళింది. కోడ్ పేరు నెమలి. నువ్వు ప్రింటర్ దగ్గర నిలబడు. 'దీనికి కాగితం పడటం లేదా' అని అడుగుతుంది. 'పొద్దుట్నించీ అంతే' అని నువ్వనాలి."

"నా మారువేషం?"

"టైపిస్టు. ఒక్క రోజుకి తాత్కాలికం."

పిచ్చుకకి నవ్వు రాలేదు. అత్తయ్య దృష్టిలో ఆమె ఆరేళ్ళుగా టైపిస్టే.

* * *

రికార్డుల ఆఫీసు ఆరంతస్తుల భవనం. లిఫ్టుకి 'మరమ్మతులో ఉంది' అన్న అట్ట వేలాడుతోంది. ఆ అట్టే పాతబడి రెండుసార్లు మార్చినట్టుంది. పిచ్చుక సీటు మూడో అంతస్తులో, సెక్షన్ హెడ్ గది ఎదురుగా.

సెక్షన్ హెడ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఉద్యోగంలో ఇంకా పద్దెనిమిది రోజులే మిగిలాయి. బక్కపలచటి మనిషి, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని బల్లంతా వెతుక్కుంటాడు. సీటు వదలడు. మధ్యాహ్నం తిండీ అక్కడే, కునుకూ అక్కడే. ఆయన కంప్యూటర్ పైన ఎర్ర సిరాతో రాసిన కాగితం అంటించి ఉంది: 'దయచేసి సేవ్ నొక్కవద్దు.'

"అదేంటి సార్?" అని అడిగింది పిచ్చుక, ఫైళ్ళు అందిస్తూ.

"నా మీద జారీ అయిన ఆజ్ఞ తల్లీ," అన్నాడాయన. "నేను ఫైలు తెరిచి సేవ్ నొక్కానంటే మిగతావాళ్ళెవరికీ అది తెరుచుకోదట. ఎందుకో నాకు తెలియదు. నా చేతి వాటమో, గ్రహచారమో. రెండు మెమోలిచ్చారు. మూడోది వస్తే పెన్షన్ కాగితాలు ఆపుతారు. అందుకని చదువుకుంటాను, చేతులు కట్టుకుంటాను."

తొమ్మిదీ నలభైకి గడియారం వణికింది. పిచ్చుక మణికట్టు తిప్పుకుంది. చూస్తే: 'ఫైలు 87. పెద్దాయన.' ఎదుట ఆయన తాపీగా చదువుకుంటున్నాడు. పదింటికి మళ్ళీ వణికింది. 'ఫైలు 203. పెద్దాయన.' పది దాటాక మూడుసార్లు. పదకొండయ్యేసరికి చేతికి గడియారం కట్టుకున్నట్టు లేదు, తేనెటీగని కట్టేసుకున్నట్టుంది.

ప్రింటర్ దగ్గర నిలబడితే వెనకనుంచి అత్తరు వాసన వచ్చింది. తిరిగి చూసింది. నీలం రంగు పట్టు కండువా, ఎత్తు మడమల చెప్పులు, పత్రిక అట్టమీద అచ్చు వేయదగిన ముఖం. ఆ గాంభీర్యానికి తగనిది ఒక్కటే, చొక్కా మోచేతికి అంటిన బూజు.

"దీనికి కాగితం పడటం లేదా?"

"పొద్దుట్నించీ అంతే."

నెమలి పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడింది. "స్టోర్ రూం తనిఖీలో ఉన్నాను. ఒళ్ళంతా దుమ్ము. నువ్వు ముందు లిస్టులోకి ఎక్కు. లిస్టు కనిపిస్తే దొంగ కనిపిస్తాడు. సిస్టమ్స్‌లో తాళాల బాబాయ్‌ని కలువు. సంతకాలకి ఇబ్బందైతే నాకివ్వు, నేను పైకి తీసుకెళ్తాను."

పిచ్చుకకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఈ కొంపలో పనయ్యే మాట మాట్లాడింది ఈవిడొక్కతే.

* * *

తాళాల బాబాయ్ రెండో అంతస్తులో, వైర్ల గుట్ట మధ్య, గూట్లో పక్షిలా కూర్చుని ఉన్నాడు. లావాటి మనిషి. ఎవరేమడిగినా ముందు నిట్టూర్చి తర్వాత జవాబిస్తాడు.

"నూట పన్నెండులో నా పేరు ఎక్కించాలండీ."

నిట్టూర్చాడు. "ఫోల్డర్ పర్మిషనా, ఫైలు చెవా?"

"రెండూ వేరా?"

"వేరే కదమ్మా. ఫోల్డర్ పర్మిషన్ అంటే గదిలోకి రానివ్వడం. చెవి అంటే బీరువా తెరవడం. గదిలోకి వచ్చి బీరువా ముందు నిలబడి ఏడ్చేవాళ్ళు ఈ ఆఫీసులో ఇరవై మంది."

"నాకు రెండూ కావాలి."

"నీకు సొంత సర్టిఫికెట్ ఉందా? లేదు కదూ. నీ కంప్యూటర్లో ఏదో ఒక ఫైలుకి నువ్వు తాళం వేస్తే అప్పుడు పుడుతుంది నీ చెవి. దాని నకలు నాకు తెచ్చియ్యి. తర్వాత ఫారం. ఫారం మీద మీ సెక్షన్ హెడ్ సంతకం, పైన డైరెక్టర్ సంతకం. అప్పుడు నేను ఎక్కిస్తాను. ఏ ఫైలుకా ఫైలే. గంపగుత్తగా కుదరదు."

మెట్లెక్కి పైకి వచ్చింది. తాళం వేసే బొత్తం ఆమె కంప్యూటర్లో బూడిద రంగులో పడుకుని ఉంది, నొక్కినా లేవదు. కిందికి దిగింది. "తాత్కాలిక ఉద్యోగులకి ఆ బొత్తం ఉండదు, ఉత్తరం తేవాలి," అన్నాడు బాబాయ్. పైకెక్కింది. ఉత్తరం టైపు చేసి పెద్దాయన సంతకం పెట్టించుకుంది. దిగింది. ఉత్తరం మీద నంబరు లేదు. ఎక్కింది. నంబరు వేసే గుమాస్తా భోజనానికి వెళ్ళాడు.

మెట్ల మధ్యలో ఫోను మోగింది. అత్తయ్య.

"అమ్మాయ్, పాపకి ఒళ్ళు కాలుతోంది. ఆ జ్వరం మందు ఎక్కడ?"

"పై అరలో, ఎర్ర సీసా అత్తయ్యా. ఎంతుంది జ్వరం?"

"నూటొకటి. సీసా దొరికింది గానీ మూత రావట్లేదే. తిప్పుతుంటే టకటకమని తిరుగుతుంది, ఊడదు."

"పిల్లలు తెరవకుండా అలా పెడతారత్తయ్యా. నొక్కి తిప్పాలి."

"నొక్కాను."

"నొక్కుతూనే తిప్పాలి."

"పిల్లలు తెరవకూడదని పెద్దవాళ్ళని చంపుతారేంటి? నువ్వు తొందరగా రా. అలవాటుగా ఆలస్యం చెయ్యకు."

పిచ్చుక మెట్టు మీద ఒక్క క్షణం కూర్చుంది. పైన అక్క ప్రాణం, కింద బాబాయ్ నిట్టూర్పు, ఇంట్లో పిల్ల ఒంటి వేడి. మధ్యలో తను రోట్లో తలపెట్టినట్టు. ఎవరిమీద అరవాలో తెలిస్తే అరిచి ఉండేది. గడియారం వణికింది. 'ఫైలు 59. పెద్దాయన.'

"చదువుకోండి సార్, చదువుకోండి," అనుకుంది పళ్ళు కొరుకుతూ.

రెండున్నరకి చెవి పుట్టింది. దాని నకలు బాబాయ్‌కి ఇచ్చింది. ఫారం నిండింది. ఇక డైరెక్టర్ సంతకం. డైరెక్టర్ ఆరో అంతస్తులో మీటింగులో ఉన్నాడట. ఆ మాట చెప్పింది నెమలే. మెట్ల దగ్గర ఎదురై ఫారం చేతిలోంచి తీసుకుంది.

"నువ్వెక్కి దిగి ఎండిపోయావు. నేనెలాగూ పైకే. పది నిమిషాల్లో సంతకంతో వస్తుంది."

ఆ పది నిమిషాల్లో పిచ్చుక బాబాయ్ బల్ల దగ్గరే కాపలా కూర్చుంది. బల్ల మీద అద్దం. అద్దం కింద చేత్తో రాసిన కాగితం. మొదటి వరసలో 'తాళం లిస్టు' అని ఉంది.

"ఇదే లిస్టా? ఫైల్లో ఉన్నదీ?"

"ఇదే. పెద్దాయన సేవ్ నొక్కినప్పుడల్లా ఫైల్లో అందరి పేర్లూ ఎగిరిపోయి, ఆయన నొక్కిన కంప్యూటర్‌లోని చెవి ఒక్కటే మిగులుతుంది. ఆయన వాడే ఆ పాత ప్రోగ్రాం పద్ధతే అంత. పాత ఫైలు చెరిపేసి కొత్తది రాస్తుంది, కొత్తదానికి రాసినవాడే యజమాని. అప్పుడు నేనీ కాగితం చూసి అందర్నీ మళ్ళీ ఎక్కిస్తాను."

పొద్దుట్నించీ లిస్టు కోసం మెట్లెక్కి దిగింది. లిస్టు ఆయన మోచెయ్యి కింద ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. వంగి చదివింది. తొమ్మిది వరసలు.

"ఎనిమిది మందే కదా. పెద్దాయన పేరు రెండుసార్లుందేం?"

నిట్టూర్పు. "పోయినేడు ఆయన కంప్యూటర్ మార్చారు. కొత్తదానికి కొత్త చెవి. పాత చెవి పాతదాంట్లోనే ఉంది, స్టోర్ రూంలో."

"మరి పాతది తీసెయ్యలేదా?"

"నాకు ఎక్కించే అధికారమే ఉందమ్మా, తీసే అధికారం లేదు. తియ్యాలంటే వేరే ఫారం. కాగితంలో రెండుంటే రెండూ ఎక్కిస్తాను. ఒకటి మానేసి, రేపు అదే కావాలని ఎవరైనా మెమో ఇస్తే?"

పిచ్చుక నుదురు కొట్టుకుంది. ఈ ఆఫీసులో తప్పు చెయ్యడానికి భయపడి చేసే తప్పులే ఎక్కువ. ఇంకో మాట అడిగేలోపు మూడున్నర గంట కొట్టింది. ఫారం రాలేదు.

ఆరో అంతస్తుకి పరుగెత్తింది. తలుపు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "పైన ఆడిట్. పాస్ ఉంటేనే."

"డైరెక్టర్ గారి దగ్గర నా ఫారం ఉంది."

"డైరెక్టర్ గారా? ఆయన సెలవులో ఉన్నారు కదమ్మా. మంగళవారం నుంచీ."

* * *

పిచ్చుక మూడో అంతస్తుకి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. నెమలికి ఆ సంగతి తెలియకపోయి ఉండాలి. లేదా తెలిసి ఉండాలి. రెండో మాట మనసులోకి రానివ్వలేదు. చీఫ్ పంపిన మనిషి.

నాలుగూ ఐదుకి, రోజంతా సీటు కదలని పెద్దాయన కప్పు పట్టుకుని వరండాలో టీ మిషను దగ్గరికి వచ్చాడు. మిషను ఉత్త వేడినీళ్ళు పోసింది. ఆయన ఆ నీళ్ళ వంక చూసి, "ఇది కూడా సేవ్ నొక్కిందేమో తల్లీ," అన్నాడు.

గడియారం వణికింది.

'ఫైలు 1. పెద్దాయన.'

పిచ్చుక గడియారం వంక చూసింది. పెద్దాయన వంక చూసింది. ఆయన చేతిలో కప్పు తప్ప ఏమీ లేదు.

'ఫైలు 2. పెద్దాయన.'

"సార్, మీ గదిలో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు? తాళం వేసి వచ్చాను."

'ఫైలు 3. పెద్దాయన.'

రెండు వరసలు. కొత్త కంప్యూటర్ గదిలో తాళం వేసి ఉంది. అంటే తెరుస్తున్నది పాతది. స్టోర్ రూంలో మూలపడ్డ పాతది, పాత చెవి కడుపులో దాచుకుని. ఎవరో దాన్ని బయటికి లాగి, ఈ ఆరంతస్తుల్లో ఎక్కడో నెట్‌వర్క్‌కి తగిలించారు.

"మీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు సార్?"

"కీబోర్డు కింద అంటించాను కదా. అందరికీ తెలుసు. అదేం రహస్యం కాదు," అన్నాడాయన.

చీఫ్‌కి ఫోన్ చేసింది. "మనుషులు బయల్దేరారు, అరగంట," అన్నాడు. ఫైళ్ళు పావు నిమిషానికొకటి కదులుతున్నాయి. నూట పన్నెండుకి అరగంట పట్టదు. నెట్‌వర్క్ స్విచ్ గదికి పరుగెత్తింది. ఇనప తలుపు. దాని చెవి బాబాయ్ దగ్గర. బాబాయ్ నాలుగింటికే బస్సెక్కాడు. ఆయన ఫోను సీట్లోనే మోగుతోంది.

'ఫైలు 31.'

మెట్ల మీద నిలబడి ఊపిరి పీల్చుకుంది. తీయడానికి బాబాయ్‌కి అధికారం లేదు. ఎక్కడానికి తనకి సంతకం లేదు. ఆపడానికి చీఫ్‌కి సోమవారం దాకా వీల్లేదు. ఇంతమంది కలిసి ఒక్క దొంగని లిస్టులోంచి దించలేరు. ఒక్క మనిషి మాత్రం, తన పాత చెవితో సహా, అందర్నీ ఒక్క దెబ్బకి దించేస్తాడు. దానికే ఆయనకి రెండు మెమోలిచ్చారు.

పెద్దాయన చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కొచ్చింది.

"సార్, నూట పన్నెండు తెరిచి సేవ్ నొక్కండి."

ఆయన ఎర్ర సిరా కాగితం వంక చూపించాడు. "నీకు చదవడం వచ్చు కదమ్మా."

"వచ్చు సార్. నొక్కండి."

"పద్దెనిమిది రోజులుంది నాకు. నలభై ఏళ్ళు చేసిందంతా ఒక ఎత్తు, ఈ పద్దెనిమిది రోజులు ఒక ఎత్తు. ఇంట్లో మనవరాలి చదువు నా పెన్షన్ మీద ఉంది."

'ఫైలు 58.'

పిచ్చుక ఆరేళ్ళ ఉద్యోగంలో ఎవరికీ చెప్పని మాట చెప్పింది. తలుపు వేసి, మెల్లగా, గడియారం ఆయన కళ్ళకి దగ్గరగా పెట్టి చెప్పింది. "నేను టైపిస్టుని కాదు. మీ పేరుతో ఎవరో ఇప్పుడే ఈ ఫైళ్ళు తెరుస్తున్నారు, చూడండి. నూట పన్నెండులో ఏడుగురి ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళకి వాళ్ళు వెళ్తారు. నాలుగో ఇల్లు మా అక్కది."

పెద్దాయన గడియారంలో తన పేరు చూసుకున్నాడు. చాలాసేపు చూసినట్టనిపించింది. రెండు ఫైళ్ళ సేపు.

"నలభై ఏళ్ళలో నేను చేసిన పనుల్లో తప్పని తేల్చింది ఇదొక్కటే," అన్నాడు. "ఇదే కావాల్సొచ్చిందా నీకు?"

కూర్చున్నాడు. కళ్ళజోడు లేదు. నుదుటి మీదా లేదు. టీ మిషను మీద వదిలేసి వచ్చాడు. పిచ్చుక పరుగెత్తి తెచ్చింది. 'ఫైలు 79.' ఆయన ఒక్క వేలితో పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పు. కీబోర్డు ఎత్తి, కాగితం చూసి, కీబోర్డు దించి, మళ్ళీ కొట్టాడు. తెర మీద గుండ్రటి చక్రం తిరగసాగింది.

'ఫైలు 90.'

ఫోను. అత్తయ్య. "అమ్మాయ్, నొక్కుతూనే తిప్పాను. రాలేదు."

"అరచెయ్యి మొత్తం పెట్టి గట్టిగా నొక్కండత్తయ్యా. భయపడకుండా నొక్కండి."

"ఎవరికి చెప్తున్నావు తల్లీ, నాకా?" అన్నాడు పెద్దాయన.

"ఇద్దరికీ."

చక్రం ఆగింది. ఫోల్డర్ తెరుచుకుంది. ఆయన ఒకటో నంబరు నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ దిగుతుంటే, పిచ్చుకకి ఆ వేలు కొరకాలనిపించింది. 'ఫైలు 104.' నూట పన్నెండు మీద నొక్కాడు. గడియారం వణికింది, ఈసారి అసలు పెద్దాయన. తెల్లటి పేజీ. ఏడు పేర్లు, ఏడు ఊళ్ళు.

పిచ్చుక గోడవైపు తిరిగింది. నాలుగేళ్ళుగా ఆ ఊరి పేరు తెలుసుకోవాలని తపించింది. మెడ తిప్పితే చాలు, తెలుస్తుంది. తెలిస్తే ఒకరోజు ఎవరో తన నోట కక్కిస్తారు. గోడ మీద పెచ్చు లేచిన సున్నాన్నే చూస్తూ నిలబడింది.

"ఏదన్నా మారిస్తేనే కదా సేవ్ అయ్యేది. ఏం మార్చను? ఆర్డరు లేకుండా అక్షరం మార్చను నేను."

"చివర ఒక ఖాళీ కొట్టండి సార్. ఖాళీకి మెమో ఇవ్వరు."

ఆయన ఖాళీ కొట్టాడు. ఎర్ర సిరా కాగితాన్ని చూపుడువేలితో పక్కకి జరిపాడు. కళ్ళు మూసుకుని సేవ్ నొక్కాడు.

'ఫైలు 110. పెద్దాయన.'

'ఫైలు 111. పెద్దాయన.'

తర్వాత గడియారం ఒకసారి పొడుగ్గా వణికింది.

'ఫైలు 112. యాక్సెస్ డినైడ్.'

మళ్ళీ. యాక్సెస్ డినైడ్. మళ్ళీ. ఇంకోసారి. అవతల ఎవరో తలుపు గుద్దుతున్నట్టే ఉంది. అంత విసుగ్గా ఈ ఆఫీసులో పొద్దుట్నించీ గుద్దింది తనొక్కతే అనుకుంది పిచ్చుక.

అప్పుడు పెద్దాయన బల్ల మీది ఫోను మోగింది. ఆయన అలవాటుగా స్పీకర్ నొక్కాడు.

"సార్, ఆడిట్ నుంచి," అంది ఒక తియ్యటి గొంతు. "నూట పన్నెండు తెరుచుకోవడం లేదు. మీరేమైనా సేవ్ నొక్కారా? తాళాల బాబాయ్‌కి చెప్పి మళ్ళీ పేర్లు ఎక్కించండి, కాస్త అర్జెంటు."

ఎంతటి గూఢచారి అయినా ఈ ఆఫీసులో చివరికి సహాయం అడగాల్సిందే. పెద్దాయన సిగ్గుపడుతూ, "క్షమించండి మేడమ్, చెయ్యి జారింది," అన్నాడు.

పిచ్చుక ముందుకు వంగింది. మోచేతి బూజు, సంతకానికని పైకి వెళ్ళిన ఫారం, సెలవులో ఉన్న డైరెక్టర్, అన్నీ ఒక్కసారిగా ఒకేచోట కూర్చున్నాయి.

"దీనికి కాగితం పడటం లేదా, మేడమ్?" అంది.

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు, దూరంగా పై మెట్ల మీద ఎత్తు మడమల టకటక.

పిచ్చుక కింద గేటుకి ఫోన్ చేద్దామనుకుంది. నంబరు బిజీ. దూకుతూ మెట్లు దిగింది. ఆమె చేరేసరికి నెమలి గేటు దగ్గర నిలబడి ఉంది, పట్టు కండువా జారిపోయి, ముఖం కందిపోయి. ఎదురుగా గేటు గుమాస్తా విజిటర్ చీటీ పట్టుకుని ఉన్నాడు.

"మీరు కలిసిన ఆఫీసర్ సంతకం లేకుండా బయటికి పంపనమ్మా. రూల్."

"డైరెక్టర్‌ని కలిశాను. ఆయన సెలవులో ఉంటే సంతకం ఎలా తేను?"

"సెలవులో ఉన్నాయన్ని ఎలా కలిశారు?"

నాలుగూ ముప్పై ఐదుకి చీఫ్ మనుషులు వచ్చేదాకా ఆ వాదన తెగలేదు. నెమలి బ్యాగులో పిచ్చుక ఫారం దొరికింది, ఆరు మడతలు పెట్టి. "నిన్ను మెట్లెక్కించి దించింది నేనే," అంది నెమలి, చేతులు అప్పగిస్తూ.

"సగమే మేడమ్," అంది పిచ్చుక. "మిగతా సగం ఆఫీసుది."

* * *

ఇంటికి వెళ్ళేసరికి పాప ఒళ్ళు చల్లబడి నిద్రపోతోంది. అత్తయ్య రోకలితో సీసా మెడ పగలగొట్టి, మందుని గుడ్డలో మూడుసార్లు వడగట్టి పోసింది. "నీ నొక్కి తిప్పడాలు నాకొద్దమ్మా," అంది. పిచ్చుక చాపమీద మోకాళ్ళూని, దీపం దగ్గరపెట్టి, గాజుముక్కలన్నీ ఏరింది.

పన్నెండు రోజులకి పత్రికలో రెండు వరసల ప్రకటన పడింది: 'కుట్టుమిషను అమ్మబడును. సూది విరగలేదు.' పిచ్చుక ఆ ముక్క కత్తిరించి పాప మందుల డబ్బాలో దాచింది.

పెద్దాయనకి మూడో మెమో వచ్చింది. చీఫ్ దాన్ని తన సొంత చేత్తో చించి, పెన్షన్ కాగితాలు కదిలించాడు. దానికి మాత్రం ఒక్క సంతకమే పట్టింది. ఆ మర్నాడే పిచ్చుకని ఇస్త్రీ దుకాణం వెనక గదికి పిలిచాడు.

"అవతల మనవాళ్ళు ఏడుగురూ ఇళ్ళు మారారు. నూట పన్నెండులో కొత్త చిరునామాలు రాయాలి. తాళాల బాబాయ్ లిస్టు కాగితం మనమే తెచ్చేసుకున్నాం కాబట్టి, ఇప్పుడా ఫైలు పెద్దాయన కంప్యూటర్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోదు. ఆయనకింకా మూడు రోజులే ఉంది. ఈలోగా లిస్టులో ఇంకొకరు ఎక్కాలి. నువ్వెళ్ళు."

"వెళ్తాను సార్. నా పేరు ఎక్కించమని మీరొక్క మాట చెప్పండి."

చీఫ్ మళ్ళీ కిటికీ వైపు చూశాడు. సొరుగు లాగి ఒక కాగితం తీసి ఆమె ముందుకు తోశాడు.

"ఫారం నింపు."